మధ్యాహ్నం మాయమై, పొద్దున బాగుండే హార్డ్ డిస్క్

ప్రశ్న: నాది కడపలో ఫోటో స్టూడియో. సీపీయూలో విండోస్‌కు చిన్న ఎస్‌ఎస్‌డీ, ఫైళ్లకు రెండు హార్డ్ డిస్కులు ఉన్నాయి. పాత 1 టీబీ డిస్కు బాగానే ఉంది. పెళ్లి ఫోటోలు, వీడియోలు ఉన్న 2 టీబీ డిస్కు మాత్రం రెండు నెలలుగా ఉన్నట్టుండి ఆగిపోతోంది. టక్కుమని చప్పుడు వస్తుంది, తిరిగే శబ్దం నిలిచిపోతుంది, ఆ డ్రైవ్ మై కంప్యూటర్‌లో కనిపించదు. కంప్యూటర్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఒక్కోసారి నిమిషంలో డిస్కు తనంతట తానే తిరిగొస్తుంది, ఒక్కోసారి సిస్టమ్ ఆపి ఆన్ చేయాలి. పొద్దున పూట ఇబ్బంది లేదు. మధ్యాహ్నం వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడే ఎక్కువ. మొన్న దేవుని కడపలో తీసిన పెళ్లి ఫోటోలు కొన్ని సగం వరకే కనిపించి, కింద బూడిద రంగు వస్తోంది. మెకానిక్‌ను అడిగితే ఫార్మాట్ చేసి చూద్దాం, లేకుంటే డిస్కు మార్చాలి అంటున్నాడు. పోయినేడు గ్రాఫిక్స్ కార్డు వేయించినప్పుడు వైర్లు చాలక జాయింటు కేబుళ్లు పెట్టారు. ఫార్మాట్ చేయమంటారా? - ఒక పాఠకుడు, కడప

సమాధానం: ఫార్మాట్ చేయకండి. డిస్కు కనిపించకుండా పోయి తిరిగొచ్చినప్పుడు 'ఈ డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాలి' అని విండోసే అడిగినా క్యాన్సిల్ నొక్కండి. మామూలుగా చేసే క్విక్ ఫార్మాట్‌లో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక కొత్తగా రాయబడుతుంది, అంతే. డిస్కు లోపల ఫైళ్లు ఉండే, తిరుగుతున్న పళ్లెం ఆగిపోవడం మోటారుకు, కరెంటుకు సంబంధించిన విషయం. పట్టిక మార్చితే మోటారు బాగుపడదు, పెళ్లి ఫోటోలు మాత్రం పోతాయి. డిస్కులో తప్పులు వెతికే విండోస్ ప్రోగ్రామ్ చెక్ డిస్క్ కూడా ఇప్పుడే నడపొద్దు. అది డిస్కు మీద రాస్తూ సరిచేస్తుంది. రాస్తుండగా మధ్యలో కరెంటు పోతే బాగున్న ఫోల్డర్లు కూడా చెడిపోవచ్చు.

మీ ఉత్తరంలో రాసిన గుర్తులను బట్టి చూస్తే డిస్కు కంటే ముందు దానికి అందే కరెంటును అనుమానించాలి. మీరు విన్న టక్కు శబ్దం అందుకు మొదటి సాక్ష్యం. తిరుగుతున్న డిస్కుకు హఠాత్తుగా కరెంటు తెగితే, పళ్లెం ఇంకా తిరుగుతున్న ఊపుతోనే మోటారు కొంత కరెంటు పుట్టిస్తుంది. ఆ కాస్త కరెంటుతో డిస్కు, ఫైళ్లను రాసే, చదివే తన హెడ్లను పళ్లెం మీద నుంచి పక్కకు లాగేసుకుంటుంది. ఆ గబగబా లాగడమే టక్కుమని వినిపిస్తుంది. సిస్టమ్‌ను మామూలుగా షట్‌డౌన్ చేసినప్పుడు హెడ్లు ఇంత విసురుగా పోవు. ఒక్క టక్కుతో ఆగిపోవడం వేరు, టక్ టక్ టక్ అని వరసగా కొట్టుకుంటూ ఉండడం వేరు. రెండోది హెడ్లు దారి దొరక్క వెతుక్కుంటున్న శబ్దం. అది వినిపిస్తే మాత్రం వెంటనే ఆపేసి, డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వాలి.

సగం బూడిద రంగు ఫోటోలదీ ఇదే కథ. ఫోటో డిస్కుకు చేరగానే పళ్లెం మీద పడదు. మొదట డిస్కు బోర్డు మీదున్న మెమరీలో ఆగి, తర్వాత పళ్లెం మీద రాయబడుతుంది. ఆ మధ్యలో కరెంటు పోతే మిగిలిన సగం ఎక్కడా ఉండదు. ఆ పెళ్లి తీసిన మెమరీ కార్డును ఇంకా ఫార్మాట్ చేయకుంటే దాన్ని తీసి పక్కన పెట్టుకోండి, వాటి అసలు కాపీ అందులోనే ఉంటుంది.

ముందుగా ఫోటోలు బయటకు తీయాలి. రేపు పొద్దున చల్లగా ఉన్నప్పుడు, గ్రాఫిక్స్ కార్డుకు పని చెప్పకుండా, వేరే ప్రోగ్రాములన్నీ మూసేసి వేరే డిస్కుకు కాపీ మొదలుపెట్టండి. ఇంకా పార్టీకి ఇవ్వని పెళ్లిళ్లు ముందు, ఇచ్చేసినవి తర్వాత. కట్ చేసి పేస్ట్ చేయొద్దు, కాపీయే చేయాలి. సెకనుకు 100 ఎంబీ వేగం వచ్చినా 2 టీబీ నిండుగా ఉంటే ఐదున్నర గంటలు పడుతుంది. కాబట్టి ఒక్కసారిగా మొత్తం పెట్టకుండా ఒక్కో పెళ్లి ఫోల్డర్ చొప్పున పెట్టుకోండి. మధ్యలో ఆగితే ఎంతవరకు అయిందో తెలుస్తుంది. కాపీ అయిన ప్రతి ఫోల్డర్‌కూ సైజు, ఫైళ్ల సంఖ్య రెండు వైపులా సరిపోయాయా అని ప్రాపర్టీస్‌లో చూసుకోండి.

ఇక జబ్బు ఎక్కడుందో తేల్చే పని. దీనికి మెకానిక్ అక్కర్లేదు, డిస్కు తన లెక్క తానే రాసుకుంటూ ఉంటుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి, పైన 2 టీబీ డిస్కును ఎంచుకోండి. కుడివైపు పైన పవర్ ఆన్ కౌంట్ అని ఒక సంఖ్య ఉంటుంది. ఆ డిస్కుకు ఇప్పటిదాకా ఎన్నిసార్లు కరెంటు వచ్చిందో ఆ లెక్క అది. సిస్టమ్ ఆన్ చేయగానే దాన్ని కాగితం మీద రాసుకోండి. డిస్కు ఒకసారి మాయమై, సిస్టమ్ ఆపకుండానే తిరిగొచ్చాక మళ్లీ చూడండి. మీరు సిస్టమ్ ఆపనే లేదు, అయినా ఆ సంఖ్య ఒకటి పెరిగిందంటే, కంప్యూటర్ నడుస్తుండగానే డిస్కుకు కరెంటు తెగి మళ్లీ వచ్చిందని దాదాపు రుజువైనట్టే. బాగున్న 1 టీబీ డిస్కు లెక్క కూడా పక్కనే రాసుకుంటే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

కింది పట్టికలో ఇంకొన్ని వరసలు చూడాలి. అక్కడ సంఖ్యలు అలవాటు లేని రూపంలో కనిపిస్తాయి. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్‌కు వెళ్లి 10 డెసిమల్ ఎంచుకుంటే మామూలు అంకెల్లోకి మారతాయి. సీ0 అన్న వరస ఉంటే, అది హెడ్లను అత్యవసరంగా లాగుకున్న లెక్క, మీ టక్కులన్నీ అందులో పోగై ఉంటాయి. సీ7 అన్నది డేటా కేబుల్‌లో వచ్చిన తప్పుల లెక్క. 05, సీ5, సీ6 అనేవి పళ్లెం మీద చెడిన చోట్ల లెక్కలు. పవర్ ఆన్ కౌంట్, సీ0 పెరుగుతూ, 05, సీ5, సీ6 సున్నా దగ్గరే ఉంటే మీ డిస్కు ఆరోగ్యంగా ఉంది, దానికి తిండి సరిగా అందడం లేదు. సీ5 రోజురోజుకీ పెరుగుతుంటే డిస్కే చెడిపోతోంది, ఏ వైరు మార్చినా ఆగదు. పాతప్పుడెప్పుడో పెరిగి అక్కడే నిలిచిపోయిన సంఖ్యను చూసి భయపడొద్దు. సీ7 అయితే మరీను, కేబుల్ మార్చాక కూడా ఆ పాత సంఖ్య తగ్గదు, ఇకముందు పెరగకుంటే చాలు.

విండోస్ రాసుకునే చిట్టా ఇంకోటి ఉంది. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్ తెరిచి డిస్కు మాయమైన నిమిషం దగ్గర చూడండి. ఈవెంట్ ఐడీ గడిలో 157 అని ఉంటే నడుస్తున్న డిస్కు ఊడిపోయినట్టుగా విండోస్‌కు కనిపించిందని అర్థం. 129, 153 ఉంటే డిస్కు నుంచి జవాబు ఆలస్యమై మళ్లీ మళ్లీ అడిగిందని. 7 ఉంటే చెడిన చోటు తగిలిందని.

ఇప్పుడు మీ జాయింటు కేబుళ్ల దగ్గరకు వద్దాం. అసలు అనుమానం ఇక్కడే.

సీపీయూ లోపల కరెంటు ఇచ్చే పెట్టె ఎస్‌ఎంపీఎస్ నుంచి డిస్కుకు వచ్చే వైర్లలో పసుపుది 12 వోల్టులు, ఎరుపుది 5 వోల్టులు, నలుపువి నెగటివ్. 12 వోల్టులతో మోటారు తిరుగుతుంది, 5 వోల్టులతో బోర్డు పనిచేస్తుంది. రెండింటికీ 5 శాతం దాకా హెచ్చుతగ్గులు చెల్లుతాయి. అంటే పసుపు వైరు 11.4 నుంచి 12.6 మధ్య, ఎరుపు వైరు 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. దిగువ హద్దు దాటి పడిపోతే డిస్కు తనను తాను కాపాడుకోవడానికి హెడ్లు లాగేసుకుని ఆగిపోతుంది. కంప్యూటర్‌లోని మిగతా భాగాలకు వేరే వైర్ల మీద కరెంటు బాగానే అందుతుంది కనుక అవి నడుస్తూనే ఉంటాయి. మీ దగ్గర జరుగుతున్నది సరిగ్గా ఇదే.

మీ గ్రాఫిక్స్ కార్డుకు ఆరు పిన్నుల కరెంటు కనెక్టర్ ఉండి ఉంటుంది. అది 75 వాట్ల దాకా, అంటే 12 వోల్టుల మీద 6 ఆంపియర్లకు పైగా లాగుతుంది. మీ ఎస్‌ఎంపీఎస్‌కు ఆ కనెక్టర్ లేక, డిస్కులకు పోయే వైరు నుంచే జాయింటు తీసి కార్డుకు ఇచ్చి ఉంటారు. వైరులో, పిన్నుల్లో, జాయింటులో అన్నీ కలిపి ఓమ్‌లో పదో వంతు అడ్డంకి ఉన్నా చాలు, 6 ఆంపియర్లు పోతుంటే 0.6 వోల్టు అక్కడే ఖర్చవుతుంది. 12 కాస్తా 11.4 అవుతుంది, అంటే హద్దు మీదికి వచ్చేసినట్టే. పొద్దున మీరు ఫోటోలు చూసుకుంటున్నంతసేపు కార్డు ఊరికే కూర్చుంటుంది, డిస్కుకు కరెంటు నిండుగా వస్తుంది. మధ్యాహ్నం ఎక్స్‌పోర్ట్ పెట్టగానే కార్డు గబగబా లాగుతుంది, అదే వైరు చివర ఉన్న డిస్కు పస్తు పడుతుంది. వదులుగా ఉన్న పిన్ను వేడెక్కుతుంది, వేడికి తుప్పు లాంటి పొర పెరుగుతుంది, పొర పెరిగితే అడ్డంకి ఇంకా పెరుగుతుంది. అందుకే ఈ జబ్బు మొదట వారానికోసారి వచ్చి, తర్వాత రోజుకు రెండుసార్లు అవుతుంది.

ఇది ఎక్స్‌పోర్ట్ వల్లా, ఎండ వల్లా అన్నది తేల్చుకోవడానికి రెండు రోజుల పరీక్ష ఒకటుంది. ఫోటోల కాపీ పూర్తయ్యాకే చేయండి. ఒకరోజు పొద్దున ఆరు గంటలకు, గది చల్లగా ఉన్నప్పుడు, రోజూ ఇబ్బంది పెట్టే ఎక్స్‌పోర్ట్‌నే నడపండి. ఇంకోరోజు మధ్యాహ్నం రెండు గంటలకు ఎక్స్‌పోర్ట్ లేకుండా ఆ డిస్కు నుంచి పెద్ద ఫోల్డర్ కాపీ చేయండి. పొద్దున కూడా ఆగితే కారణం ఎక్స్‌పోర్ట్ వేసే కరెంటు బరువు, మధ్యాహ్నం ఆ బరువు లేకుండానే ఆగితే వేడి. రెండూ కలిస్తేనే ఆగుతుంటే పిన్ను కాలుతోందని అనుకోవచ్చు.

సిస్టమ్ ఆపి, గోడ నుంచి ప్లగ్ తీసేసి, ఆన్ బటన్‌ను ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి. అప్పుడు పక్క డోర్ తెరవండి. 2 టీబీ డిస్కుకు పెట్టిన కరెంటు కనెక్టర్ తీసి లోపలి పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ చూడండి. గోధుమ రంగు మరక, కరిగిన అంచు, కాలిన వాసన, వీటిలో ఏది ఉన్నా ఆ కేబుల్‌ను ఇక వాడొద్దు. నాలుగు పెద్ద పిన్నుల పాత కనెక్టర్ నుంచి సాటాకు, అంటే ఇప్పటి డిస్కులకు పెట్టే సన్నటి కనెక్టర్‌కు మార్చే జాయింటు కేబుళ్లలో రెండు రకాలుంటాయి. వైర్లను అచ్చులో పెట్టి ప్లాస్టిక్ కరిగించి పోసినవి ఒకటి, ఒక్కో వైరునూ విడిగా కనెక్టర్‌లోకి నొక్కి వెనక మూత పెట్టినవి రెండోది. మొదటి రకంలో వేడి ప్లాస్టిక్ పోసేటప్పుడు వైర్లు జరిగి ఒకదానికొకటి దగ్గరవుతాయి, కొన్నాళ్లకు లోపలే షార్ట్ అయి నిప్పు కూడా అంటుకోవచ్చు. చవకగా దొరుకుతాయి కాబట్టి ఎక్కువగా ఇవే వేస్తారు. మీదది ఆ రకమైతే బాగున్నట్టు కనిపించినా తీసేయండి.

తర్వాత 2 టీబీ డిస్కుకు ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా వచ్చే సాటా కనెక్టర్, మధ్యలో ఏ జాయింటూ లేనిది, పెట్టండి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న వైరు మీద డిస్కు ఉండకూడదు. సాటా కనెక్టర్ నుంచి జాయింటు తీసి గ్రాఫిక్స్ కార్డుకు ఇవ్వడం మరీ తప్పు. సాటా కనెక్టర్‌లో 12 వోల్టులకు మూడు పిన్నులే, ఒక్కోటి 1.5 ఆంపియర్లు, మొత్తం 54 వాట్లు. దాని నుంచి 75 వాట్లు లాగితే ఎప్పుడో ఒకప్పుడు కాలుతుంది. మీ ఎస్‌ఎంపీఎస్‌కు సొంతంగా ఆరు పిన్నుల వైరు లేదంటే అలాంటి కార్డు నడపడానికి అది తయారు కాలేదని తయారుచేసినవాళ్లే చెప్పినట్టు.

ఒకసారి ఒక్క మార్పే చేయండి. కరెంటు వైరు, డేటా కేబుల్, పోర్టు మూడూ ఒకేరోజు మార్చేస్తే జబ్బు పోయినా ఏది కారణమో తెలియదు, తిరిగొస్తే మళ్లీ మొదటికి వస్తారు. రోజుకోసారి ఆగే డిస్కు ఒక పూట ఆగలేదంటే నయమైనట్టు కాదు, కనీసం మూడు నాలుగు రోజులు మామూలు పనితోనే చూడాలి.

మల్టీమీటర్ ఉన్నవాళ్లు ఎవరైనా దగ్గరుంటే ఇంకా త్వరగా తేలుతుంది. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, అదే వైరు మీద ఖాళీగా ఉన్న పెద్ద కనెక్టర్‌లో నల్ల పిన్ను మీద నల్ల ప్రోబ్, పసుపు పిన్ను మీద ఎర్ర ప్రోబ్ పెట్టండి. ఒక ప్రోబ్ రెండు పిన్నులకు తగలకుండా జాగ్రత్త. సిస్టమ్ ఊరికే ఉన్నప్పుడు ఎంత ఉందో, ఎక్స్‌పోర్ట్ పెట్టాక ఎంతకు దిగిందో రాసుకోండి. ఊరికే ఉన్నప్పుడు 12.1 చూపించి, బరువు పడగానే 11.3కు దిగితే ఇంక వెతకాల్సిన పని లేదు. అయితే మీటరు కన్నుమూసి తెరిచేంతలో వచ్చే తగ్గుదలను పట్టుకోలేదు. కాబట్టి అంకెలు బాగున్నంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ మంచిదని తీర్పు ఇవ్వొద్దు. స్నేహితుడి షాపు నుంచి మంచి ఎస్‌ఎంపీఎస్ ఒకటి నాలుగు రోజులు అరువు తెచ్చి పెట్టి చూడడమే అసలైన పరీక్ష. పాతదాన్ని విప్పి చూద్దామని మాత్రం అనుకోకండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది, ప్లగ్ తీసినా కొంతసేపు పోదు.

వేడి సంగతి కూడా తేలిగ్గా తీసుకోలేం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే ఊళ్లు మనవి. గదిలో 40 డిగ్రీలు దాటితే డోర్ మూసిన సీపీయూలో ఇంకో పది డిగ్రీలు కలుస్తాయి. చాలా డెస్క్‌టాప్ డిస్కులకు 60 డిగ్రీలే గరిష్ఠ హద్దు. 50 దాటనివ్వకుండా చూసుకోవడం మంచిది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలోనే ఆ అంకె కనిపిస్తుంది. కడప బండలతో కట్టిన అరలో సీపీయూను దూర్చి పెట్టడం మన దగ్గర మామూలే. మూడు వైపులా బండ ఉంటే వెనక ఫ్యాను ఊదిన వేడి గాలి తిరిగి ముందుకే వస్తుంది. అరలోంచి బయటికి తీసి, వెనక కనీసం జానెడు ఖాళీ వదలండి. రెండు డిస్కులు ఒకదాని మీద ఒకటి ఆనుకుని బిగించి ఉంటే మధ్యలో ఒక అర ఖాళీ వదిలి బిగించండి, ముందు వైపు ఒక 120 ఎంఎం ఫ్యాను పెడితే గాలి నేరుగా డిస్కుల మీదుగా పోతుంది. బండల పాలిష్ మిల్లులు దగ్గరుంటే ఆ సన్నటి దుమ్ము ఎస్‌ఎంపీఎస్ జాలీకి సిమెంటులా పట్టేస్తుంది, నెలకోసారి బ్లోయర్ కొట్టించాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, విపరీతంగా తిరిగితే బేరింగ్ పోతుంది.

డేటా కేబుల్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. సీ7 పెరుగుతుంటే లాక్ క్లిప్పు ఉన్న కొత్త సాటా కేబుల్ వేసి, మదర్‌బోర్డు మీద వేరే పోర్టుకు మార్చండి. కేబుల్ చెడితే డిస్కు మాయమవుతుంది కానీ పళ్లెం తిరగడం సాధారణంగా ఆగదు. మీకు శబ్దమే ఆగిపోతోంది కాబట్టి మీ విషయంలో ఇది రెండో అనుమానం మాత్రమే. పవర్ ఆప్షన్స్‌లో ఇరవై నిమిషాలకు హార్డ్ డిస్క్ ఆపే ఏర్పాటు విండోస్‌లో ముందుగానే ఉంటుంది. దాన్ని సున్నా చేస్తే చేయండి. కానీ నిద్రపోయిన డిస్కు మై కంప్యూటర్‌లోంచి మాయం కాదు, తెరిస్తే కొన్ని సెకన్లు ఆలస్యంగా లేస్తుంది, అంతే.

ఇవన్నీ చేశాక, మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్న ఇంకో కంప్యూటర్‌లో పెట్టినా డిస్కు అలాగే ఆగుతుంటే అప్పుడు తప్పు డిస్కుదే. దాని బోర్డుకూ మోటారుకూ మధ్య మూడు నాలుగు చిన్న రాగి బిళ్లలు ఆనుకుని ఉంటాయి, అవి నల్లబడి లూజ్ కాంటాక్ట్ అవుతాయి. వారంటీ అయిపోయి, ఫోటోలన్నీ కాపీ అయిపోయి ఉంటే నక్షత్రం ఆకారపు స్క్రూడ్రైవర్‌తో బోర్డు విప్పి, ఆ బిళ్లలను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి తిరిగి బిగించవచ్చు. కొన్ని డిస్కులు దీనితో నిలబడతాయి, కానీ ఆ తర్వాత దాన్ని అదనపు కాపీకే వాడుకోవాలి, పెళ్లి పని దాని మీద చేయకూడదు. అదే మోడల్ పాత డిస్కు నుంచి బోర్డు తీసి వేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఒక్కో డిస్కుకు దాని సొంత కొలతలు బోర్డు మీది చిన్న చిప్పులో ఉంటాయి. ఆ చిప్పును కూడా మార్చకుండా బోర్డు మాత్రమే మారిస్తే చాలావరకు పనిచేయదు. పళ్లెం మీది మూత తెరవడమైతే ఎంతటి మంచి మెకానిక్ షాపులోనైనా వద్దు.

కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనాల్సి వస్తే డబ్బా మీద పెద్దగా రాసిన వాట్లను చూడొద్దు. పక్కనున్న స్టిక్కర్ మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. దాన్ని 12తో హెచ్చవేస్తే నిజంగా పనికొచ్చే వాట్లు తెలుస్తాయి. 450 అని రాసి 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లే ఉంటే అది మీకు 216 వాట్ల పెట్టె. ఒక గ్రాఫిక్స్ కార్డు, రెండు డిస్కులు నడిపే స్టూడియోకు 12 వోల్టుల దగ్గర కనీసం 32 ఆంపియర్లు, సొంత ఆరు పిన్నుల వైరు, విడివిడిగా రెండు సాటా వైర్లు ఉన్నది అడగండి. ఒక సాటా వైరుకు 2 టీబీ డిస్కు, రెండోదానికి 1 టీబీ డిస్కు, ఎస్‌ఎస్‌డీ బిగించండి. బిగించిన రోజు పవర్ ఆన్ కౌంట్, సీ0, సీ5 మూడూ ఒక చీటీ మీద రాసి సీపీయూ డోర్ లోపల అంటించండి. నెల తర్వాత తెరిచి పోల్చినప్పుడు, మీరు సిస్టమ్ ఆన్ చేసినన్ని సార్లకు మించి పవర్ ఆన్ కౌంట్ పెరగకుండా, సీ5 కదలకుండా ఉంటే, అప్పుడు ఆ డిస్కు మీద చెక్ డిస్క్ నడిపి మళ్లీ పనిలో పెట్టుకోవచ్చు.